ఇంకా తేరుకోలేదా అని అడగకండి

మనిషి పోయిన ఇంట్లో దుఃఖానికి ఒక గడువు ఉంటుందని మనలో చాలామంది నమ్మకం. గడువులోపు బాగా ఏడవాలి, ఏడవకపోతే తప్పు. గడువు దాటాక ఏడవకూడదు, ఏడిస్తే అదీ తప్పే. పదకొండో రోజో పన్నెండో రోజో పెద్దకర్మ అవుతుంది, భోజనాలు అవుతాయి, సాయంత్రానికి షామియానా విప్పేస్తారు. ఆ పూట నుంచే "ఇక తేరుకోవాలమ్మా" అన్న మాట మొదలవుతుంది. ఆరు నెలలకు అది ప్రశ్న అవుతుంది: "ఇంకా తేరుకోలేదా?" ఏడాది దాటిందంటే ఇక తీర్పే: "ఆవిడ ఎవరితోనూ కలవదండీ, తనే అందర్నీ దూరం చేసుకుంది."

ఈ తీర్పును నేను ఒప్పుకోను. దుఃఖం మనిషిని ఒంటరిని చేస్తుందని నిపుణులు టీవీల్లో చెబుతారు, చుట్టాలు అవునంటారు. ఒంటరితనం ఉన్నమాట నిజమే. అది ఎక్కణ్నుంచి వచ్చిందన్న దగ్గరే పొరపాటు జరుగుతోంది. భర్త పోయిన మనిషి, బిడ్డ పోయిన మనిషి తమంతట తాము తలుపు వేసుకున్నారని, మనం పాపం బయట నిలబడి పిలుస్తూనే ఉన్నామని మనకొక ఊహ. నేను చూసిన ఇళ్లలో మాత్రం ముందుగా వెనక్కి తగ్గింది చుట్టూ ఉన్నవాళ్లే. వాళ్లు తగ్గాక, తగ్గారని అర్థమయ్యాక, ఆ ఇంటివాళ్లు తలుపు వేసుకున్నారు.

మీకు బాగా తెలిసిన ఇల్లు ఒకటి తలుచుకోండి. చావు జరిగిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పక్కింటివాళ్లు అన్నం, చారు, మజ్జిగ తెస్తారు. పెద్దవాళ్లకు టీ, పిల్లలకు పాలు ఎవరో ఒకరు చూసుకుంటారు. వచ్చిన ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తూ పోయినవాళ్ల మంచీ చెడూ, వాళ్లు పెట్టిన అన్నం, చేసిన సాయం వరుసగా చెప్పుకుంటారు. హాల్లో చాపలు పరిచి పదిమంది పడుకుంటారు. చాలా ఊళ్లలో కర్మ అయ్యాక దగ్గరి బంధువులు ఆ ఇంటి మనిషిని తమ ఇంటికి తీసుకెళ్లి నిద్ర చేయించి పంపుతారు. ఈ కొద్ది రోజులు మన జనం చేసే పని చాలా గొప్పది. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు.

కానీ ఆ రోజుల్లో ఆ మనిషికి జరిగిందేమిటో ఇంకా పూర్తిగా తెలియదు. ఇంటి నిండా జనం, వచ్చేవాళ్లకు చెప్పిందే చెప్పడం, బ్రహ్మగారు తెమ్మన్నవి తేవడం. తెలిసేది తర్వాత. బ్యాంకులో నామినీ కాగితం మీద సంతకం పెడుతుంటే తెలుస్తుంది. అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా కూరలు కొని ఇంటికొచ్చాక తెలుస్తుంది. పోయినవాడి సిమ్‌కు రీచార్జి చేయించాలా వద్దా అని తేల్చుకోలేని రోజున తెలుస్తుంది. సరిగ్గా ఆ సమయానికి ఫోన్లు ఆగిపోయి ఉంటాయి. మూడో రోజు పలకరింపుకి వచ్చిన వందమందిలో మూడో నెలలో వచ్చేవాళ్లు ఎందరు? వాట్సాప్ గ్రూపులో ఓం శాంతి అని పెట్టిన వాళ్లలో, మనిషి పోయాక వచ్చే మొదటి పుట్టినరోజు నాడు ఆ ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఎందరు? ఎవరికి వారు లెక్క వేసుకుంటే చాలు.

ఆడవాళ్ల విషయంలో ఈ వెనక్కి తగ్గడం పచ్చి వెలిగా మారుతుంది. ఏళ్ల తరబడి శ్రావణ శుక్రవారం బొట్టు పెట్టి పేరంటానికి పిలిచిన పక్కింటావిడ, భర్త పోయిన ఏడాది ఆ గుమ్మం దాటి అవతలి ఇంటికి వెళ్లిపోతుంది. సీమంతాలకు, గృహప్రవేశాలకు పిలుపులు పలచబడతాయి. పిలిచినా, పసుపు కుంకుమల పళ్లెం తన దాకా వచ్చేసరికి పక్కకు తిరుగుతుంది. సొంత కూతురి పెళ్లిలో పీటల మీద బాబాయి, పిన్ని కూర్చుని కన్యాదానం చేస్తారు. కని పెంచిన తల్లి వెనక వరుసలో కూర్చుంటుంది. పొద్దున్నే పనిమీద వెళ్లేవాడికి ఎదురుపడకుండా ఆవిడే సందు మలుపు దగ్గర ఆగిపోవడం నేర్చుకుంటుంది. ఇంత చేసి, "ఆవిడ ఫంక్షన్లకు రాదండీ" అంటాం. ఏ ఫంక్షన్‌కి రావాలి? ఎక్కడ కూర్చోవాలి?

వితంతు పునర్వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆనాడు ఆయన్ని, ఆయనతో నిలబడ్డవాళ్లని వెలివేశారు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ పెళ్లి చేసుకునే హక్కు గురించి మాట్లాడటం తేలికైంది. మళ్లీ పెళ్లి అక్కర్లేని ఆడమనిషికి పేరంటానికి వెళ్లే హక్కు మాత్రం ఇంకా రాలేదు. 2022 మేలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ ఒక తీర్మానం చేసింది: భర్త పోయిన స్త్రీ బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, మంగళసూత్రం తెంచడం, మెట్టెలు తీయడం ఇక ఆ ఊళ్లో ఉండవు. అదే నెలలో ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా ఊళ్లు కూడా ఈ బాట పట్టాలని సర్క్యులర్ ఇచ్చింది. అలాంటి తీర్మానం చేయడానికి మన పంచాయతీలకు ఏ నిధులూ అక్కర్లేదు.

మగవాళ్ల సంగతి వేరే రకం. వాళ్లను ఎవరూ పేరంటాల నుంచి తీసేయరు, అపశకునం అనరు. "మగాడివి, నువ్వే ఇలా అయితే పిల్లల్ని ఎవరు చూస్తారు" అని ఒక్క మాటతో నోరు కట్టేస్తారు. ఆ నోరు కట్టుకున్న మగవాడికి ఏమవుతుందో లెక్క కట్టినవాళ్లు ఉన్నారు. ఇంగ్లండులో 55 ఏళ్లు దాటిన 4,486 మంది భార్యలు పోయిన మగవాళ్లను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. భార్య పోయిన మొదటి ఆరు నెలల్లో వాళ్లలో మరణాలు, అదే వయసులో భార్యలున్న మగవాళ్లతో పోలిస్తే, 40 శాతం ఎక్కువ. కాలిన్ ముర్రే పార్క్స్, ఆయన సహచరులు 1969లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ సంగతి మరింత వివరంగా రాశారు. ఆ అదనపు మరణాల్లో పెద్ద వాటా గుండె జబ్బులదే. తీవ్రమైన శోకం తగిలినప్పుడు గుండె ఎడమ జఠరిక ఒక్కసారిగా బలహీనపడి కుండలా ఉబ్బే స్థితిని 1990లో జపాన్ వైద్యులు వివరించి, దానికి అక్కడ ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరే పెట్టారు. మన పిల్లలు కథగా వినే దశరథుడి చావు గుండెకు తెలియని సంగతేమీ కాదు.

ఆ 40 శాతానికి శోకం ఒక్కటే కారణమా? మన ఇళ్లు చూస్తే ఇంకో కారణం కనబడుతుంది. చాలా ఇళ్లలో మగవాడి చుట్టరికాలన్నీ భార్య చేతిలో ఉంటాయి. ఎవరింట్లో ఎప్పుడు పెళ్లి, ఎవరికి ఎంత చదివించాలి, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరికి ఫోన్ చేసి చాలా రోజులైంది, ఇవన్నీ ఆవిడకే తెలుసు. ఆవిడ పోయిన రోజున ఆయనకు భార్యతో పాటు బంధువులూ పోతారు. పిల్లల ఫోన్లు కూడా అమ్మకే వచ్చేవి. నాన్నతో రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసేవాళ్లు. ఇప్పుడు ఆ రెండు నిమిషాలే మిగులుతాయి. ఆయన సాయంత్రాలు పార్కు బెంచీ మీద ఒక్కడే కూర్చుంటే, చూసినవాళ్లు "మామగారు మొదట్నుంచీ మితభాషి" అంటారు.

"కాలమే అన్నిటికీ మందు" అనేవాళ్లకూ ఇదే జవాబు. కాలం తనంతట తాను ఏదీ నయం చేయదు. ఆ కాలంలో మనిషి చుట్టూ ఎవరున్నారు, మాట్లాడుకోనిచ్చారా, చేతిలో డబ్బుందా, ఇల్లు నిలబడిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో ఎవరూ పేరెత్తని ఐదేళ్లు గడిస్తే, ఆ ఐదేళ్లు మందూ కావు మాకూ కావు.

తేరుకోమనే ఈ తొందరకు చదువుకున్నవాళ్ల దగ్గర శాస్త్రం దన్ను కూడా ఉంది. దుఃఖానికి ఐదు మెట్లు ఉంటాయని, నిరాకరణతో మొదలై కోపం, బేరం, కుంగుబాటు దాటి చివరికి అంగీకారానికి చేరాలని కాలేజీ పాఠాల నుంచి సినిమాల దాకా వినబడుతుంది. నాలుగో మెట్టు మీద ఆగిపోయినవాణ్ని ఫెయిలైన విద్యార్థిని చూసినట్టు చూస్తారు. ఈ మెట్లు చెప్పిన ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో పుస్తకం రాసింది తమకు చావు దగ్గరపడిందని తెలిసిన రోగుల గురించి. వాళ్లు పోయాక ఇంట్లో మిగిలినవాళ్ల గురించి కాదు. చివరి రోజుల్లో డేవిడ్ కెస్లర్‌తో కలిసి దుఃఖం మీద ఇంకో పుస్తకం రాసినప్పుడు, ఆ మెట్లను జనం అపార్థం చేసుకున్నారని, చిందరవందర భావాలను వరుసలో సర్దడానికి వాటిని చెప్పలేదని ఆమే వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ వివరణ ఎవరికీ చేరలేదు. మెట్లు మాత్రం మిగిలాయి.

పోయినవాళ్ల మీద మమకారాన్ని కొద్దికొద్దిగా తెంచుకుని ఆ శక్తిని కొత్త బంధాల వైపు మళ్లించడమే శోకం చేసే పని అని ఫ్రాయిడ్ 1917లో రాశాడు. "మర్చిపోయి ముందుకు సాగాలి" అనే సలహాకు మూలపురుషుడు ఆయనే. మూడేళ్లకే, 1920 జనవరిలో, ఆయన కూతురు సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయింది. మరో మూడేళ్లకు ఆమె చిన్న కొడుకు, నాలుగేళ్ల మనవడు, పోయాడు. 1929లో, కొడుకును పోగొట్టుకున్న స్నేహితుడు బిన్స్‌వాంగర్‌కు ఫ్రాయిడ్ ఉత్తరం రాశాడు. ఆ రోజు సోఫీ బతికుంటే 36 ఏళ్లు నిండేవి. తీవ్రత తగ్గుతుంది గానీ ఓదార్పు దొరకదని, ఆ స్థానంలోకి ఇంకెవరూ రారని, అలా రాకపోవడమే సరైనదని ఆ ఉత్తరం సారాంశం. సిద్ధాంతం రాసినవాడికే తొమ్మిదేళ్ల తర్వాత కూడా కూతురి వయసు గుర్తుంది. కొడుకు పోయి రెండేళ్లయిన తల్లి వాడి పరీక్షల తేదీలు గుర్తుపెట్టుకుంటే మనం జబ్బు అంటున్నాం.

1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు ఈ తెంచుకునే సిద్ధాంతాన్ని గట్టిగా ప్రశ్నిస్తూ పుస్తకం తెచ్చారు. పోయినవాళ్లతో బంధం తెగదు, రూపం మార్చుకుని కొనసాగుతుంది, అది ఆరోగ్యకరమే అన్నారు. ఇది చదివి మనం కొత్తగా నేర్చుకోవాల్సిందేముంది? కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ వాళ్ల ముందు పెట్టాకే ఇంట్లోవాళ్లు తింటారు. తెలంగాణలో పెత్రమాస నాడు పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. నవంబరు 2న మన క్రైస్తవులు సమాధులు కడిగి పూలు చల్లి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ముస్లింల ఇళ్లలో పోయినవాళ్ల పేరున ఫాతిహా చదివి అన్నం పంచుతారు. నెలనెలా మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం, ఆ తర్వాత ఏటా తద్దినం. పోయినవాళ్లను ఇన్నిసార్లు ఇంటికి పిలిచే జనం, బతికున్నవాళ్లను "మర్చిపో" అనడం ఎక్కడ నేర్చుకున్నారో నాకు అర్థం కాదు. మతం పేరు మీద గుర్తుంచుకుంటే ధర్మం, మనసు పేరు మీద గుర్తుంచుకుంటే బలహీనత అయిపోయింది.

సాహిత్యంలోనూ ఇదే తిరకాసు. విశ్వనాథ సత్యనారాయణ పోయిన భార్య కోసం వరలక్ష్మీ త్రిశతి రాస్తే గొప్ప కావ్యమన్నాం. నాయని సుబ్బారావు తల్లి కోసం మాతృగీతాలు రాస్తే ఆర్ద్రత అన్నాం. అంత నిడివైన దుఃఖం పక్కింటి రిటైర్డ్ గుమాస్తాకు ఉంటే మాత్రం భరించలేం. భారతం కూడా యుద్ధం గెలవగానే పట్టాభిషేకం చేసేయలేదు. మధ్యలో స్త్రీపర్వం ఉంది, పర్వం పొడుగునా ఆడవాళ్ల ఏడుపే. తిక్కన దాన్ని దాటవేయలేదు. ధర్మరాజు రాజ్యం వద్దంటే తమ్ముళ్లు, ద్రౌపది విసుక్కున్నారు. మన తొందరే వాళ్లదీ. కానీ వ్యాసుడు అక్కడితో ఊరుకోలేదు. ఆ దుఃఖితుణ్ని అంపశయ్య మీద ఉన్న తాత దగ్గర కూర్చోబెట్టి మాట్లాడనిచ్చాడు. భారతంలో అన్నిటికన్నా పెద్దదైన శాంతిపర్వం ఆ మాటలే.

ఇతరుల దుఃఖం మీద మనం పెట్టే పహరాకు ఇంకో కొస కూడా ఉంది. ఏడ్చేవాళ్లను ఎంత తప్పు పడతామో నవ్వేవాళ్లనూ అంతే తప్పు పడతాం. మొగుడు పోయి మూడు నెలలు కాలేదు, బ్యూటీ పార్లర్‌కి వెళ్లిందట. కొడుకు పోయిన ఇంట్లో టీవీ మోగుతోందట. ఈ కబుర్లు మోసేవాళ్లే ఆరు నెలలకు "ఇంకా తేరుకోలేదా" అని అడిగేవాళ్లు. నెదర్లాండ్స్‌లో పనిచేసిన పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షూట్ 1999లో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషి ఒక పక్క పోయినవాళ్ల తలపుల్లోకి, ఇంకో పక్క బతుకు పనుల్లోకి అటూ ఇటూ ఊగుతూ ఉంటాడు, ఆ ఊగడమే అతణ్ని నిలబెడుతుంది. పొద్దున ఏడ్చి మధ్యాహ్నం నవ్వడం నటన కాదు. పెత్రమాస నాటి తెలంగాణ ఇల్లు ఆ పని ఒక్క రోజులో చేసి చూపిస్తుంది. మనకు కావాల్సింది నవ్వో ఏడుపో ఏదో ఒకటి, అదీ మనం ఎదురుచూసిన రోజున.

నా వాదానికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేస్తే ఈ వ్యాసం నిజాయతీగా ఉండదు. జార్జ్ బొనానో లాంటి పరిశోధకులు చాలామంది దగ్గరివాళ్ల మరణాన్ని తట్టుకుని తమ పనులు తాము చేసుకోగలరని చూపించారు. మరోవైపు, ఏళ్లు గడిచినా మొదటి రోజు దగ్గరే ఆగిపోయే కొద్దిమంది నిజంగా ఉన్నారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో దీర్ఘకాలిక దుఃఖాన్ని రుగ్మతగా తన పట్టికలో చేర్చింది. పెద్దవాళ్లకు కనీసం ఏడాది, పిల్లలకు ఆరు నెలలు దాటాలంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలంది. దీన్ని చూపించి, "చూశారా, ఏడాది దాటితే జబ్బే" అంటారు. ఆ పట్టికను సగమే చదివినవాళ్లు అనే మాట అది. ఏడాది ఒక్కటే కొలత కాదు. దాదాపు రోజూ తీవ్రమైన లక్షణాలు ఉండాలి, బతుకు స్తంభించిపోవాలి, ఆ మనిషి పుట్టిన సంస్కృతిలో, మతంలో మామూలుగా ఉండే దుఃఖాన్ని అది మించిపోవాలి. ఏడాదంతా మాసికాలు పెట్టే సంస్కృతిలో సంవత్సరీకం నాడు కన్నీళ్లు రావడం మామూలే. అన్నం మానేసినవాళ్లను, తానూ పోతానంటున్నవాళ్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. కానీ ఆ ఫోన్ చేసి ఇచ్చే మనిషి ఒకరు పక్కన ఉండాలి కదా. జబ్బు అన్న ముద్ర వేసి మనం తప్పుకుంటే ఆ పట్టికకు అర్థమే లేదు.

కొందరికి దుఃఖించే అర్హత కూడా మనం ఇవ్వం. ఈ రకం దుఃఖాన్ని పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే గుర్తించి రాశాడు. కడుపులో బిడ్డ పోయినవాళ్లకు "వయసుంది, ఇంకోసారి ప్రయత్నించండి" అన్న సలహా దొరుకుతుంది. పెళ్లి కాని జంటలో ఒకరు పోతే రెండోవాళ్లు శవం దగ్గరికి కూడా వెళ్లలేరు. చంటిపిల్లాడికైతే "నాన్న ఊరెళ్లాడు" అని చెప్పి, వాడు గుమ్మం వైపు చూస్తుంటే మాట మారుస్తాం. ఇంటర్ పిల్లాడు ఆత్మహత్య చేసుకున్న ఇంటికి పలకరింపుకి వెళ్లినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏమైందండీ, ఇంట్లో ఏమన్నా అన్నారా?" అది పలకరింపా, పోలీసు విచారణా? ఆ తల్లిదండ్రులు తర్వాత ఎవరి మొహం చూడటానికైనా ఎందుకు ఇష్టపడాలి?

ఆత్మహత్య చేసుకున్న రైతు భార్యకు నిజంగానే విచారణ ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వచ్చిన 421వ నంబరు జీవో ఆ కుటుంబానికి పరిహారం ఇవ్వడానికి ఒక పద్ధతి పెట్టింది. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు వచ్చి ఇది రైతు ఆత్మహత్యా కాదా తేలుస్తారు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పట్టాదారు పాసుపుస్తకం, అప్పుల కాగితాలు చూపించాలి. వడ్డీ వ్యాపారి కాగితం ఇవ్వడు. కౌలు రైతుకు పాసుపుస్తకమే ఉండదు. మొగుడు పోయిన నెలలోనే ఆ మనిషి తన దుఃఖం అసలైనదని ఆఫీసుల చుట్టూ తిరిగి రుజువు చేసుకోవాలి. ఆ తిరుగుళ్లలో తోడు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, నా దృష్టిలో వాళ్లే అసలైన ఓదార్పు ఇచ్చినవాళ్లు. "మనసు గట్టి చేసుకో" అన్నవాళ్లు కాదు.

కోవిడ్ కాలం సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. 2020 మార్చిలో కేంద్రం అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదని ఆంక్ష పెట్టింది. కోవిడ్‌తో పోయినవాళ్ల విషయంలో ఎన్నో ఇళ్లకు ఆ 20 మంది కూడా లేరు. సంచీలో చుట్టిన శరీరం మొహం చూడకుండానే సాగనంపారు. చాపలు పరవలేదు, అన్నం తేలేదు, నిద్ర చేయించలేదు. అది ఎవరి తప్పూ కాదు. ఆంక్షలు ఎత్తేశాక, భయం తగ్గాక, ఆలస్యంగానైనా ఆ ఇళ్లకు ఎందరం వెళ్లాం? "అందరికీ జరిగిందేగా" అని సరిపెట్టాం.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఈ బాధను వేరే దారిలో పడుతున్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు, వస్తే వీసా స్టాంపింగ్ అయి తిరిగి వెళ్లగలడో లేదో తెలియక, తండ్రి దహనాన్ని ఫోన్ తెరమీద చూస్తాడు. అక్కడ అర్ధరాత్రి. తెల్లారితే ఆఫీసు మీటింగు. అతని ఇంటికి అన్నం తెచ్చే పక్కింటివాళ్లు లేరు, అతని చుట్టూ ఏడ్చేవాళ్లు లేరు. ఊళ్లో జరిగిన పది రోజుల శోకంలో అతనికి భాగం దక్కలేదు. రెండేళ్ల తర్వాత సెలవు మీద వచ్చి తండ్రి కుర్చీ చూసి భోరుమంటే, అప్పటికి తేరుకున్న ఇల్లంతా అతన్ని వింతగా చూస్తుంది. ఇంటివాళ్లకు అది రెండో ఏడాది. అతనికి మొదటి రోజు.

"పనిలో పడితే అదే పోతుంది" అనేది ఇంకో సలహా. కొందరికి పని ఊరటే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఈ సలహా ఇచ్చేవాళ్లు, వినేవాళ్లకు ఇంకో దారి ఉందో లేదో చూసుకోవాలి కదా. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం గర్భస్రావం జరిగిన ఉద్యోగినికి ఆరు వారాల సెలవు ఇచ్చింది. ఆ రోజుల్లోనే అంత ఆలోచించారు. పదేళ్ల బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన తల్లికి గానీ తండ్రికి గానీ ప్రైవేటు ఉద్యోగంలో ఇన్ని రోజుల సెలవు ఇచ్చి తీరాలని చెప్పే చట్టం మనకు లేదు. కంపెనీ దయ, మేనేజర్ మంచితనం. బ్రిటన్ 2020 ఏప్రిల్ నుంచి 18 ఏళ్లలోపు బిడ్డను పోగొట్టుకున్న ఉద్యోగులైన తల్లిదండ్రులకు రెండు వారాల సెలవును చట్టపు హక్కు చేసింది. రెండు వారాలు చాలవు, అయినా అది హక్కు. మన దగ్గర దినకూలీ చేసేవాళ్లకు ఈ చర్చే లేదు. మూడో రోజు కూలికి పోకపోతే పదో రోజు కర్మకు డబ్బుండదు. వాళ్లకు పనే మందని చెప్పడం అన్యాయం.

ఇక మిగిలింది అందరూ చెప్పే ఆఖరి సాకు: "వెళ్తే గుర్తు చేసినట్టవుతుందని వెళ్లలేదండీ." మంచి మనసుతో చెప్పే మాటే, కానీ పూర్తిగా తప్పు. మీరు వెళ్లకపోతే వాళ్లు మర్చిపోయి సుఖంగా ఉన్నారని అనుకుంటున్నారా? పొద్దున లేచింది మొదలు వాళ్లకు గుర్తుంది. గుర్తు లేనిది మీకేనేమోనని వాళ్ల భయం. పోయిన పిల్లవాడి పేరు ఇంటి బయట ఎవరి నోటా వినబడక నెలలు గడుస్తాయి. మీరు వెళ్లి "మీ వాడు మా ఇంటికొస్తే ఆవకాయ లేనిదే ముద్ద ఎత్తేవాడు కాదు" అంటే ఆ తల్లి ఏడుస్తుంది. ఏడవనివ్వండి. ఆ కన్నీళ్లు మీరు తెప్పించినవి కావు. అవి ఉన్నాయి, మీ ముందు బయటికి వచ్చాయి. "ఏడవకు" అని చెయ్యి అడ్డం పెట్టకండి. కారణాలు వెతకకండి, కర్మ సిద్ధాంతం చెప్పకండి, మీకు తెలిసిన ఇంకా పెద్ద దుఃఖంతో పోల్చకండి. ఏమనాలో తెలియకపోతే ఏమీ అనకండి, గంటసేపు కూర్చుని రండి.

మూడో నెలలో వెళ్లండి, మొదటి ఉగాదికి వెళ్లండి. ఏడాది పాటు ఆ ఇంట్లో పండగ ఉండదు, పిండివంటలు బంధువులే పంపాలన్న ఆనవాయితీ మన దగ్గర ఉండనే ఉంది. పోయినవాళ్ల పుట్టినరోజున ఫోన్ చేయండి. బ్యాంకుకో తహసీల్దార్ ఆఫీసుకో వెళ్లాల్సి వస్తే బండి తీయండి. మీ ఇంట్లో పెళ్లి ఉంటే అందరికీ ఇచ్చినట్టే ఆ ఇంటికీ వెళ్లి, ఆవిడకు బొట్టు పెట్టి, శుభలేఖ చేతికివ్వండి. "ఆవిడ రాదులే" అని ముందే అనుకోకండి. రావాలో వద్దో, వస్తే ఎంతసేపు ఉండాలో ఆవిడ తేల్చుకుంటుంది. ఈ ఏడాది రాకపోతే వచ్చే ఏడాది ఇంకో శుభలేఖ తీసుకుని మళ్లీ వెళ్లండి.